సుగుణ మేడమ్ రాసిన ప్రకటన

వానాకాలమంతా మూసి ఉంచిన స్పోర్ట్స్ రూమ్ తలుపు తెరిచి, సున్నం బస్తా మూతి విప్పితే ఒక వాసన వస్తుంది. తడిసిన గోడల వాసన, మెత్తబడిన రబ్బరు బంతుల వాసన, వాటి మధ్య నుంచి ముక్కుకు ఘాటుగా తగిలే సున్నం పొడి వాసన. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదిలో సగానికి పైగా వానలే కాబట్టి మా ఆటలన్నీ మిగిలిన నాలుగు నెలల్లోకి ఇరుక్కుంటాయి. మొన్న ఎండ నిలబడ్డాక ట్రాక్ గీతలు వేయించడానికి బస్తా విప్పించాను. తెల్లటి పొడి లేచి గదంతా కమ్మేసింది. దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, నాకు తెలియకుండానే కిటికీ పక్కనున్న ఇనుప కుర్చీ వైపు తిరిగి "మేడమ్, కిటికీ తెరవనా?" అన్నాను. సున్నం ఎత్తుతున్న మనిషి నా వైపు వింతగా చూశాడు. కుర్చీలో ఎవరూ లేరు. సుగుణ మేడమ్ ఆ కుర్చీలో కూర్చోవడం మానేసి చాలా ఏళ్లయింది. ఆవిడ ఈ లోకంలో లేకుండా పోయి కూడా రెండు వానాకాలాలు గడిచాయి.

మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. ఆవిడ పేరు మెయిన్‌లాండ్ పేపర్లలో ఎప్పుడూ రాలేదు. మా ఊరి పేపర్లలోనూ తన పేరు రాకుండా ఆవిడే చూసుకునేది. పొట్టి మనిషి, చామనఛాయ, నూలు చీర కిందనుంచి కనిపించే తెల్ల కాన్వాస్ బూట్లు. ఆదివారం బ్రూక్షాబాద్‌లో తెలుగు ఆరాధనకు వెళ్లేటప్పుడు మాత్రమే చెప్పులు వేసుకునేది. చెప్పులతో నడిస్తే ఆవిడ నడక మారిపోయి వేరే మనిషిలా కనిపించేది. వాళ్ల తాతగారు గోదావరి వైపు నుంచి ఇక్కడికి కట్టుబడి పనికి వచ్చాడట. చదువుకునే రోజుల్లో ఆవిడ హర్డిల్స్ పరిగెత్తేది. నేను పని చేస్తున్న ప్రైవేటు కళాశాలలో క్రీడా విభాగానికి మొదటి నుంచీ ఆవిడే అధిపతి. జట్లను తయారు చేయడం, వాళ్లను ఓడెక్కించి తీసుకెళ్లడం, తీసుకురావడం, ఆటల వార్తలు రాసి పేపర్లకూ రేడియోకూ అందించడం, అన్నీ ఆవిడే.

మాది జంగ్లీఘాట్. మా నాన్న డింగీ పడవ మీద చేపల వేటకెళ్లేవాడు, అమ్మ మార్కెట్లో చేపలు అమ్మేది. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాళ్లం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, కబడ్డీ బాగా ఆడతానని ఆ కళాశాలలో సీటు తెచ్చుకున్నాను. రెండో ఏడాదిలో ప్రాక్టీసులో మోకాలు మెలితిరిగింది. ఇక ఆడకూడదన్నారు డాక్టర్లు. "సాలిక నీ ఆట. కాలు పోతే రేపు నిన్నెవులు సూత్తారే?" అని నాన్న కేకలేశాడు. ఆ కోపం వెనక ఎంత భయం ఉందో అప్పుడు నాకు తెలియలేదు. తర్వాతి వారం మా జట్టు ఆడుతుంటే, కట్టు కట్టిన కాలు చాపుకుని గ్రౌండ్ పక్కన కూర్చుని ఏడ్చాను.

సుగుణ మేడమ్ వచ్చి నా ముందు నిలబడింది.

"ఏమే రత్నం, ఏడవడానికొచ్చావా, మ్యాచ్ చూడ్డానికొచ్చావా?"

"చూడ్డానికే మేడమ్."

"అయితే ఏం చూశావో సాయంత్రం నాకు చెప్పు. పేపర్‌కి పంపాలి. నాకు రాసే ఫుర్సత్ లేదు."

"నాకు ఇంగ్లీషు రాదు మేడమ్. తెలుగు మీడియం."

"ఇంగ్లీషు ఎవరడిగారే? చూసింది చెప్పమన్నాను. తెలుగులోనే చూశావు కదా!"

ఆ సాయంత్రం నేను తెలుగులో రాసుకొచ్చిన పేజీ ఆవిడ చదివింది. 'మన అమ్మాయిలు అద్భుత ప్రతిభ కనబరిచారు' అని మొదటి వాక్యం. దాని మీద గీత కొట్టేసి, "అద్భుతం అంటే ఏంటి? నేను చూళ్లేదు మరి. ఎవరు ఏం చేశారు, అది చెప్పు" అంది. చెప్పాను. చివరి రైడ్‌లో మా కెప్టెన్ ముగ్గుర్ని ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చిందని, మోచేయి చర్మం లేచిపోయిందని, అయినా లేచి ముందు గీత వైపు చూసిందని చెప్పాను. ఆవిడ దాన్ని అక్కడికక్కడే ఇంగ్లీషులోకి మార్చింది. రెండు రోజుల తర్వాత అది పేపర్లో చిన్న బాక్సు వార్తగా వచ్చింది. కింద ఎవరి పేరూ లేదు. కానీ మోచేయి ఉంది, గీత ఉంది. నేను ఆడలేకపోయిన ఆటలో నాకింకా చోటుందని ఆ బాక్సు చూశాకే నమ్మాను.

డిగ్రీ అయ్యాక ఆవిడే నన్ను క్రీడా విభాగంలో కాంట్రాక్టు మీద సహాయకురాలిగా పెట్టించింది. కళాశాలలో ఆటల ఉద్యోగమంటే రోజూ గ్రౌండ్‌లోనే ఉంటామనుకుంటారు. నిజానికి సగం పని ఆటకు ఆమడ దూరంలో జరుగుతుంది. ఫీనిక్స్ బే రేవులో, దీవుల నుంచి వచ్చే పిల్లల కోసం ఎదురు చూడాలి. ఓడ టిక్కెట్ల కోసం క్యూలో నిలబడాలి. 'ఆడపిల్లని అంత దూరం పంపం' అనే తండ్రిని ఒప్పించాలి. మేడమ్ అవన్నీ విసుక్కోకుండా చేసేది. వార్తలు మాత్రం ఫోన్‌లో చెప్పనిచ్చేది కాదు. మిడిల్ పాయింట్‌లో ఉన్న పేపరాఫీసుకు స్వయంగా వెళ్లాలి. అక్కడ దాదా అని పిలిచే పెద్ద వయసు బెంగాలీ ఎడిటర్ ఉండేవాడు. ఒకసారి మా నికోబారీ కుర్రాడొకడు ఈతలో గెలిస్తే పేరు తప్పుగా అచ్చయింది. మేడమ్ ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని దాదా ముందు నిలబెట్టింది. "దాదా, వీడి పేరు వీడి నోటితోనే వినండి" అంది. కుర్రాడు సిగ్గుపడుతూ చెప్పాడు. దాదా రెండుసార్లు పలికి చూసుకుని, టీ తెప్పించి, మర్నాడు సరిచేసి వేశాడు. బయటికొచ్చాక మేడమ్ నాతో అంది: "వాళ్లమ్మ ఆ ముక్క కత్తిరించి దాచుకుంటుంది రత్నం. పేపర్లో వచ్చే ప్రతి మాటా ఎవరో ఒకరింట్లో చదువుతారు. ఆ ఇల్లు తలుచుకుని రాయి."

మెయిన్‌లాండ్ పోటీలకు వెళ్లినప్పుడు ఆ మాట ఆవిడకు ఎంత ముఖ్యమో నాకు బాగా అర్థమైంది. ఓడలో పిల్లలు వాంతులతో సొమ్మసిల్లి, ఒడ్డెక్కిన మర్నాడే బరిలోకి దిగాల్సి వచ్చేది. నేల ఊగుతున్నట్టుందని ఏడ్చేవాళ్లు. ఒక పోటీలో మా ట్రిపుల్ జంప్ అమ్మాయి పతకం తెచ్చింది. ఫోటో తీయడానికి వచ్చిన విలేకరి, "అండమానా! మీరక్కడ అడవిలో ఉంటారా? గవ్వల దండలేమైనా తెచ్చుకున్నారా? వేసుకుంటే ఫోటో బాగా వస్తుంది" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు, నవ్వుతూనే అడిగాడు. మేడమ్ కూడా నవ్వుతూనే చెప్పింది. "ఈ అమ్మాయి గెంతుతుంది బాబూ. ఇంకోసారి గెంతమంటాను, గెంతేటప్పుడు తీయండి." అతను వాచీ చూసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు అందరి ఫోటోలూ వచ్చాయి గాని మా అమ్మాయిది రాలేదు. ఆ పిల్ల మేడమ్‌తో ఓడ దిగేదాకా మాట్లాడలేదు. మేడమ్ ఆ పిల్లను బతిమాలలేదు, తను చేసింది తప్పని కూడా అనలేదు. నిద్రపోతున్నప్పుడు దుప్పటి మాత్రం సరిచేసింది.

ఇక సుష్మ గురించి చెప్పాలి. రాంచీ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పోర్ట్ బ్లెయిర్ రేవుకు అవతలి గట్టున, బాంబూఫ్లాట్ దాటి ఇంకా లోపలికి, వాళ్ల ఊరు. తండ్రి లేడు. తల్లి ఫూల్మణి సుపారీ తోటల్లో, అంటే వక్క తోటల్లో, పని చేసేది. సుష్మ పొద్దున్నే ఫెర్రీ ఎక్కి వచ్చి, క్లాసుల కంటే ముందు గ్రౌండ్‌లో పరిగెత్తేది. వానలో కూడా. దూరప్పరుగులో ఆ పిల్లను మించినవాళ్లు మాకు దొరకలేదు. పరిగెత్తడం అయిపోగానే మధ్యాహ్నానికి తెచ్చుకున్న డబ్బా అప్పుడే తినేసి, మధ్యాహ్నం మా గదికొచ్చి "దీదీ, భూఖ్ లగీ" అని, ఆకలేస్తోందనేది. మేడమ్ తన డబ్బాలోంచి సగం తీసి పెట్టేది. పోలీసు ఉద్యోగం కొట్టి, అమ్మను తోట పని మాన్పించాలని సుష్మ కోరిక. నవ్వితే చిగుళ్లన్నీ కనిపించేవి. ఫోటో తీసేటప్పుడు నోరు మూసుకుని నవ్వడానికి తెగ కష్టపడేది.

ఆ ఏడాది వార్షిక క్రీడల్లో పెద్ద పరుగు పొద్దున్నే పెట్టాలని మేడమ్ పట్టుబట్టింది. డాక్టరు, అంబులెన్సు గ్రౌండ్‌లో ఉండాలని ముందే అడిగింది. "అంతా ఏర్పాటు చేశాం" అన్నారు మేనేజ్‌మెంట్ సెక్రటరీ గారు. తీరా ఆ రోజు చీఫ్ గెస్ట్ రావడం ఆలస్యమైంది. పెద్ద పరుగును ఆయనే జెండా ఊపి మొదలుపెట్టాలని సెక్రటరీ గారి పంతం. ఎండ నెత్తికెక్కింది. మా దీవుల ఎండలో చెమట ఆరదు, ఒంటి మీదే ఉడుకుతుంది. అంబులెన్సు రాలేదు. కళాశాల జీపు చీఫ్ గెస్ట్ కోసం వెళ్లింది.

"సార్, ఈ పరుగొద్దు. సాయంత్రానికి మార్చండి," అంది మేడమ్.

"బస్, ఆ హీ రహే హైఁ మేడమ్, వచ్చేస్తున్నారు. ఒక్క రేసే కదా. అందరూ ఎదురు చూస్తున్నారు," అన్నారాయన.

అమ్మాయిలు గీత దగ్గర నిలబడే ఉన్నారు. చీఫ్ గెస్ట్ వచ్చారు, మాట్లాడారు, జెండా ఎత్తారు. నేను కెమెరా పట్టుకుని మలుపు దగ్గరున్నాను. గీత మీద నుంచి సుష్మ మేడమ్ వైపు తిరిగి ఏదో అనడం, మేడమ్ భుజం తట్టి ఏదో చెప్పడం కనిపించింది. మాటలు వినపడలేదు. జెండా దిగింది.

సుష్మ చాలాసేపు అందరికంటే ముందే ఉంది. తర్వాత మలుపు దగ్గర నా ఎదురుగానే కాళ్లు వంకర్లు పోవడం మొదలైంది. కెమెరా వదిలేసి పరిగెత్తబోయాను, మోకాలు సహకరించలేదు. నాకంటే ముందు ఆ చివరనుంచి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మేడమ్ పరిగెత్తుకొచ్చింది. సుష్మ ఒళ్లు కాలిపోతోంది. నీళ్లు పోశాం. జీపేమో చీఫ్ గెస్ట్ కార్ల వెనక ఇరుక్కుపోయింది. రోడ్డు మీద పోతున్న సామాను ఆటోను ఆపి, ఆ పిల్లను మేడమ్ ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. ఆ మధ్యాహ్నమే సుష్మ పోయింది.

ఆసుపత్రి వరండాలో సెక్రటరీ గారు మేడమ్‌ను పక్కకు పిలిచారు. పేపర్లవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారని, ఏదో ఒకటి ఇవ్వాలని హిందీలో చెప్పారు. ఆ అమ్మాయికి ముందునుంచీ ఏదో జబ్బుంది, ఆ సంగతి దాచిపెట్టి పరుగులో పాల్గొంది, ఇంతే రాసి సంతకం పెట్టమన్నారు.

"వాళ్లమ్మకి ఇంకా తెలీదు సార్," అంది మేడమ్.

"ఫోన్ చేయిస్తాం."

"ఫోన్‌లో చెప్పే మాటా ఇది? నేనెళ్తాను." నా వైపు తిరిగి, "రా రత్నం" అంది.

చాథం దగ్గర ఫెర్రీ ఎక్కాం. చుట్టూ స్కూటర్లు, కూరగాయల గోనెలు, ఇళ్లకు వెళ్తున్న జనం. మేడమ్ చీర ముందు భాగమంతా తడిసి ఉంది. సుష్మ మీద పోసిన నీళ్లు. రైలింగ్ పట్టుకుని నీళ్ల వైపు చూస్తూ నిలబడింది. అవతల దిగి జీపు మాట్లాడుకుని వాళ్ల ఊరు చేరేసరికి ఫూల్మణి దీదీ గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో ఫోను. మమ్మల్ని చూడగానే ఆవిడే మొదలుపెట్టింది.

"మేడమ్‌జీ, కాలేజీ నుంచి ఎవరో ఫోన్ చేశారు. సుష్మకి ఏదైనా బీమారీ ఉండేదా, మందులేమైనా మింగేదా అని అడిగి పెట్టేశారు. ఎందుకడిగారు? బీమార్ హోతీ తో దౌడ్‌తీ కైసే?"

జబ్బు మనిషయితే ఎలా పరిగెత్తుతుంది? ఆ తల్లి మామూలుగానే అడిగింది, కొంచెం నవ్వుతూ కూడా. జవాబు తనకు తెలిసిన ప్రశ్నే అది. మేడమ్ కాళ్లు మడిచి ఆ మట్టి అరుగు మీద కూర్చుండిపోయింది. ఫూల్మణి దీదీ చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత హిందీలో, చిన్న గొంతుతో, జరిగింది జరిగినట్టు మొదటి నుంచి చెప్పింది. ఎక్కడా ఆపలేదు, 'దేవుడి చిత్తం' లాంటి మాట ఒక్కటీ వాడలేదు. చివరి మాట చెప్పాక ఫూల్మణి దీదీ చాలాసేపు మేడమ్ ముఖంలోకి చూసింది. "ఖానా ఖాయీ థీ?" అని అడిగింది. నా బిడ్డ అన్నం తిన్నదా? "తిన్నది" అంది మేడమ్. "పొద్దున్నే తినేసింది, ఎప్పటిలాగే." అప్పుడు ఆ తల్లి ఏడ్చింది. ఆ ఏడుపు నేను ఇక్కడ రాయలేను.

మర్నాడు ఉదయం స్పోర్ట్స్ రూమ్‌లో మేడమ్ ఇనుప కుర్చీలో కూర్చుని, నన్ను కాగితం తీసుకోమంది. తెలుగులోనే చెప్పింది, నేను రాశాను. మా కళాశాల విద్యార్థిని సుష్మ నిన్న పరుగు పందెంలో కుప్పకూలి మరణించింది. ఆమెకు ఏ జబ్బూ లేదు. పోటీ ఆలస్యంగా, ఎండలో మొదలైంది. గ్రౌండ్‌లో డాక్టరు గానీ అంబులెన్సు గానీ లేవు. పోటీని ఆపే అధికారం క్రీడా విభాగం అధిపతిగా నాకుంది. నేను ఆపలేదు.

నా కలం ఆగిపోయింది.

"చివరి మాట వద్దు మేడమ్. మిమ్మల్నే పట్టుకుంటారు."

"పట్టుకోనీ."

"మీరు వద్దన్నారు కదా! నేను విన్నాను. సార్‌తో చెప్పారు."

"వద్దన్నానే. వద్దని ఊరుకున్నాను. విజిల్ నా మెళ్లోనే ఉంది." నా చేతిలో కాగితం చూపించి అంది: "మిగతావన్నీ వాళ్ల మీద రాసి నాది ఒక్కటీ వదిలేస్తే, ఆ తల్లి దేన్ని నమ్ముతుంది రత్నం?"

ఆ ప్రకటన ఆవిడే ఇంగ్లీషులోకి మార్చి, సంతకం పెట్టి, మిడిల్ పాయింట్‌కు నడిచి వెళ్లింది. దాదా రెండుసార్లు చదివాడట. "సుగుణా, సోచ్ లో" అన్నాడట, ఆలోచించుకోమని. "సోచ్ లియా దాదా" అని వచ్చేసింది. ఒక్క అక్షరం మార్చకుండా వేశారు.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించినట్టే జరిగింది. విచారణ అన్నారు. మేనేజ్‌మెంట్ ఆ ప్రకటనలో ఆఖరి రెండు వాక్యాలే చూపించింది. తన తప్పు తనే ఒప్పుకుంది కదా అంది. మేడమ్ కాదనలేదు. ఉద్యోగం తీయలేదు గాని, క్రీడా విభాగం నుంచి తప్పించి లైబ్రరీలో కూర్చోబెట్టారు. సుష్మకు జబ్బుండేదన్న మాట మాత్రం ఆ తర్వాత ఎవరూ నోటితో అనలేదు. అచ్చులో వచ్చేసిన నిజాన్ని మళ్లీ దాచడం వాళ్లకు చేతకాలేదు.

మేడమ్ చోటును నన్ను తీసుకోమన్నారు. ఇంట్లో చెబితే నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "ఒద్దని సెప్పీ. ఆ యమ్మ కుర్సీలో నువ్వెలా కూకుంటావే?" అన్నాడు. నాకూ అదే అనిపించింది. రాజీనామా చేస్తానని చెప్పడానికి లైబ్రరీకి వెళ్లాను. మేడమ్ పుస్తకాల వీపులకు నంబర్లు అంటిస్తోంది. చేతికి జిగురు.

"పిచ్చిదానివా? నువ్వు పోతే ఎవరొస్తారో నీకు తెలుసు. ఆ పిల్లల్ని రేపు ఎవరు చూస్తారు?"

"నాకు మీ ధైర్యం లేదు మేడమ్."

"నాకు మాత్రం ఆ రోజు ఎక్కడుందే? నువ్వు కుర్చీలో కూర్చునే ముందే అడుగు. తర్వాత అడిగితే ఇవ్వరు. డాక్టరు లేకుండా, అంబులెన్సు లేకుండా విజిల్ వెయ్యను అని రాయించుకో. ఇప్పుడు వాళ్లు భయంలో ఉన్నారు, రాసిస్తారు."

రాసిచ్చారు. ఆ మాట మా కళాశాలలో ఇప్పటికీ నడుస్తోంది. ఎండెక్కాక మా గ్రౌండ్‌లో పరుగులుండవు. చీఫ్ గెస్ట్ ఎంత పెద్దవారైనా వచ్చినప్పుడు ఏ పోటీ జరుగుతుంటే దాన్నే చూస్తారు. దానికోసం మేడమ్ ఇచ్చుకున్నది తన గ్రౌండ్‌ని. లైబ్రరీ కిటికీలు రోడ్డు వైపుంటాయి, అక్కడి నుంచి ట్రాక్ కనిపించదు. విజిల్ మాత్రం వినిపిస్తుంది. మధ్యాహ్నం నేను డబ్బా పట్టుకుని వెళితే, "ఇవాళ రిలేలో బ్యాటన్ పడిపోయిందా? విజిల్ రెండుసార్లు వినపడింది" అని అడిగేది. ఎన్నిసార్లు పిలిచినా గ్రౌండ్‌కు రాలేదు. "నేనొస్తే వాళ్లకి ఇబ్బంది, నీకు ఇబ్బంది" అనేది. నాకు తెలిసి, ఇబ్బంది వాళ్లకీ కాదు, నాకూ కాదు. ఆ మలుపు చూడటం ఆవిడకు కష్టం. కాన్వాస్ బూట్లు మానేసి రోజూ చెప్పులతోనే రావడం మొదలుపెట్టింది. లైబ్రరీ వరండాలో ఆ చెప్పుల చప్పుడు వింటే నా ప్రాణం ఉసూరుమనేది.

అలా కొన్నేళ్లు గడిచాయి. తర్వాత ఆవిడకు కడుపులో గడ్డ అన్నారు. చెన్నై తీసుకెళ్లారు, తీసుకొచ్చారు. భర్త జేమ్స్ గారు నెమ్మదస్తుడు, వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. బ్రూక్షాబాద్ ఇంట్లో మంచాన్ని గాలి తగిలేలా వరండా పక్కకు జరిపించాడు. నేను సాయంత్రాలు వెళ్లేదాన్ని. పేపరాఫీసుకు పంపబోయే వార్త తీసుకెళ్లి చదివి వినిపించేదాన్ని. మొదట్లో తప్పులు పట్టేది. తర్వాత్తర్వాత కళ్లు మూసుకుని వినేది. ఒకరోజు నేను చదవడం ఆపాక, నిద్రపోయిందనుకుని లేవబోయాను.

"ఆ రోజు సుష్మ నాతో ఏమందో నీకు చెప్పలేదు కదూ," అంది.

నేను మళ్లీ కూర్చున్నాను.

"'ధూప్ బహుత్ హై మేడమ్' అంది. ఎండ బాగా ఉంది అంది. అంతే. పరిగెత్తనని అనలేదు. నేను భుజం తట్టి, 'ఒక్క రేసే కదా బేటా' అన్నాను." ఆవిడ గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "సెక్రటరీ నాతో అన్న మాటే, నేను దానితో అన్నాను రత్నం. ప్రకటనలో అది రాయలేదు. ఆపలేదని రాశాను గాని, ఎండగా ఉందని ఆ పిల్ల అన్నదని రాయలేదు. వాళ్లమ్మ చదువుతుందని రాయలేకపోయాను."

జేమ్స్ గారు గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆయనకూ అది కొత్తే అని ముఖం చూస్తే తెలిసింది. నేను ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. మీ తప్పేం లేదని, అందరూ అదే చేసేవారని. ఆవిడ నాకు నేర్పిన పనే అలాంటి మాటల మీద గీత కొట్టడం. అందుకని చేయి పట్టుకుని కూర్చున్నాను. జేమ్స్ గారు లోపలికెళ్లి దీపం వేశాడు.

ఆవిడ పోయినప్పుడు కళాశాల కార్యాలయం నుంచి నాకొక కాగితం వచ్చింది, పేపర్లకు పంపమని. లైబ్రరీలో ఎనలేని సేవలందించిన సుగుణ గారి మృతికి ప్రగాఢ సంతాపం అని ఉంది. దాన్ని పక్కన పెట్టి నేను వేరే రాశాను. ఆవిడ క్రీడా విభాగాన్ని మొదలుపెట్టిందని, ఆవిడ తయారు చేసిన పిల్లలు ఇప్పుడు ఏయే దీవుల్లో ఏం చేస్తున్నారో, సుష్మ అనే విద్యార్థిని మరణం గురించి నిజం రాసినందుకు ఆవిడను గ్రౌండ్ నుంచి తప్పించారని రాశాను. కింద నా పేరు రాసి, నా సంతకం పెట్టాను. దాదా అప్పటికి లేడు, ఆయన కొడుకు వేశాడు. సెక్రటరీ గారు నన్ను పిలిపించి చాలాసేపు మాట్లాడారు. ఈ ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో అప్పట్లో నాకు తెలియలేదు. ఇప్పటికైతే ఉంది.

సమాధి దగ్గర తెలుగులో ప్రార్థన జరుగుతుండగా, జనం వెనక ఫూల్మణి దీదీ కనిపించింది. ఎవరు చెప్పారో తెలియదు. ఫెర్రీ దాటి, వానలో తడిసి వచ్చింది. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా చివరిదాకా నిలబడింది. అందరూ మట్టి వేశాక తనూ వేసింది. జేమ్స్ గారికి ఆవిడెవరో తెలియదు. నేను చెప్పాను. ఆయన చేతులు జోడించి ఏదో అనబోయాడు. ఆ సాయంత్రం మేడమ్ మంచం దగ్గర విన్న మాట ఆయన గొంతు దాకా వచ్చి ఆగిందని నాకు అర్థమైంది. ఫూల్మణి దీదీయే ముందు మాట్లాడింది.

"ఉస్ దిన్ యహీ ఆయీ థీ. ఔర్ కోయీ నహీఁ ఆయా."

ఆ రోజు వచ్చింది ఈవిడే, ఇంకెవరూ రాలేదు. జేమ్స్ గారు తలవంచుకున్నాడు. నేనూ చెప్పలేదు. అది చెప్పాల్సిన మాటో, దాచాల్సిన మాటో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మేడమ్ ఉంటే తేల్చి చెప్పేదేమో అనుకుంటాను. కానీ ఆవిడా తేల్చుకోలేకే నాకు చెప్పి వెళ్లింది.

నాకు మిగిలింది ఒక అలవాటు. పరుగు మొదలయ్యే ముందు గీత మీద నిలబడ్డ పిల్లల దగ్గరకు ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్తాను. "ఎలా ఉంది?" అని అడుగుతాను. తెలుగు పిల్లల్ని తెలుగులో, మిగతావాళ్లను హిందీలో. "ఠీక్ హై మేడమ్" అంటారు, "బాగుంది మేడమ్" అంటారు, కొందరు విసుక్కుంటారు, కొందరు నవ్వుతారు. ఎండగా ఉందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అయినా ఆఖరి పిల్ల నోరు తెరిచి జవాబు చెప్పేదాకా, ఎంతమంది తొందరపెట్టినా, నేను విజిల్ నోటిదాకా తీసుకెళ్లను.